కీమో రోజుల్లో పెద్దవారికి వ్యాయామం: ఒంటి సత్తువనూ మెదడు చురుకునూ నిలుపుకోవడం ఎలా

ఇంట్లో 65 ఏళ్లు దాటిన మనిషికి క్యాన్సర్ చికిత్స మొదలైందంటే ఇంటిల్లిపాదీ కలిసి ఆ మనిషిని మంచం దిగనివ్వరు. మంచినీళ్ల గ్లాసు చేతికందిస్తారు, భోజనం పళ్లెం మంచం దగ్గరికే వస్తుంది, "మీరు లేవకండి నాన్నా, నేను తెస్తాను కదా" అన్న మాట పొద్దస్తమానం వినబడుతుంది. ఇదంతా ప్రేమతో చేసేదే. అయితే మూడు నాలుగు సైకిళ్లు (ఒక విడత మందు, ఆ తర్వాతి విరామం కలిపి ఒక సైకిల్) గడిచేసరికి కుర్చీలోంచి లేవడానికి కూడా చేయూత కావలసి వస్తుంది. వేసుకున్న మాత్రను వేసుకోలేదనుకుంటారు, తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, టీవీలో వార్త పూర్తయ్యేలోపు దాని మొదలేమిటో గుర్తుండదు. ఇందులో కొంత జబ్బు వల్ల, కొంత మందుల వల్ల వచ్చినదే అయినా, కొంత మాత్రం కేవలం కదలకపోవడం వల్ల వచ్చినది. ఆ భాగాన్ని తగ్గించుకోవడం కుటుంబం చేతిలో ఉంది.

కీమో, రేడియేషన్, హార్మోన్ ఇంజెక్షన్లు, వీటిలో ఏది నడుస్తున్నా, పెద్దవారు ఇంట్లోనే, పెద్ద ఖర్చు లేకుండా చేసుకోదగిన వ్యాయామాన్ని ఈ మార్గదర్శి వరుసక్రమంలో చెబుతుంది. చికిత్స చేస్తున్న డాక్టరుకు తెలియకుండా ఇందులో ఏదీ మొదలుపెట్టవద్దు.

ముందుగా: వ్యాయామం నుంచి ఏమి ఆశించవచ్చు

చికిత్సలో ఉన్నవారి మతిమరుపును ఆస్పత్రుల్లో కీమో బ్రెయిన్ అంటుంటారు గానీ, కొందరిలో అది కీమో మొదలుకాకముందే కనబడుతుంది. క్యాన్సర్ వల్లా, చికిత్స వల్లా ఒంట్లో వాపును రేపే సైటోకైన్లు అనే పదార్థాలు పెరుగుతాయి. దానికి రక్తహీనత, చెడిన నిద్ర, దిగులు, వాంతి మందుల మత్తు తోడవుతాయి. సాధారణంగా దెబ్బతినేది పాత జ్ఞాపకాలు కావు. ధ్యాస నిలపడం, రెండు పనులు ఒకేసారి చూసుకోవడం, మాట వెతుక్కోవడం, ఆలోచనలో వేగం, ఇవి తగ్గుతాయి. వయసు మీద పడిన మెదడుకు ఇలాంటి దెబ్బను తట్టుకునే నిల్వ తక్కువ కాబట్టి, నలభైల్లో ఉన్న రోగికి చిరాకుగా మిగిలేది డెబ్భైల్లో ఉన్నవారికి మందులు తారుమారయ్యేంత సమస్య అవుతుంది.

వ్యాయామం మెదడుకు రక్తప్రసారాన్ని పెంచుతుంది, నిద్రను సరిచేస్తుంది, నాడీకణాలను పోషించే బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రొటీను తయారీకి తోడ్పడుతుంది. 2011లో అమెరికాలో 120 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులపై జరిగిన ఒక అధ్యయనంలో, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచినవారిలో జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ భాగం పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. వాళ్లు క్యాన్సర్ రోగులు కారన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారి విషయంలో అలసట, దిగులు, శరీర సామర్థ్యం వ్యాయామంతో మెరుగుపడతాయనడానికి ఆధారాలు గట్టివి. అందుకే అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ, నయం చేసే ఉద్దేశంతో చికిత్స పొందుతున్నవారికి ఆ చికిత్స సాగుతుండగానే నడకలాంటి వ్యాయామాన్నీ, కండబలం పెంచే వ్యాయామాన్నీ సూచించాలని 2022లో డాక్టర్లకు చెప్పింది. జ్ఞాపకశక్తి విషయంలో ఆధారాలు ఆశాజనకమే గానీ అంత గట్టివి కావు. కాబట్టి "నడిస్తే మతిమరుపు పోతుంది" అని పెద్దవారికి మాట ఇవ్వవద్దు. "మీ పనులు మీరే చేసుకోగలుగుతారు, తల కొంచెం తేటగా ఉంటుంది" అనడం నిజాయితీగా ఉంటుంది.

ఈ మార్గదర్శికి నమూనా అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో కేరెన్ మస్టియన్ బృందం రూపొందించిన ఎక్స్‌క్యాప్ అనే కార్యక్రమం. ఆరు వారాలపాటు ఇంటి దగ్గరే, రోజూ నడక, రబ్బరు బ్యాండ్లతో కండరాల వ్యాయామం, అంతే. జిమ్ అవసరం లేదు. కీమో పొందుతున్న 355 మందితో దీనిని పరీక్షించి 2018లో ప్రచురించిన ఫలితాల్లో, వ్యాయామం చేసినవారికి చేతులు కాళ్లలో తిమ్మిర్లు తక్కువగా ఉన్నాయి. ఇంత సాదాసీదా కార్యక్రమాన్ని మన ఇళ్ల వరండాలకు మార్చుకోవడం కష్టమేమీ కాదు.

మొదటి మెట్టు: డాక్టరును అడగవలసినవి

ఓపీలో డాక్టరు ముందు కూర్చున్న ఆ అయిదు నిమిషాల్లో "వ్యాయామం చేయవచ్చా" అని మాత్రమే అడిగితే "ఆ, మెల్లగా నడవమనండి" అన్న జవాబు వస్తుంది. దానితో మీకు తెలిసేది ఏమీ ఉండదు. విడివిడిగా, రాసుకుని వెళ్లి అడగాలి.

అన్నిటికంటే ముందు ఎముకల సంగతి. క్యాన్సర్ ఎముకలకు పాకిందా, పాకితే ఏ ఎముకకు, అక్కడ విరిగే ప్రమాదం ఉందా అన్నది తెలియకుండా ముందుకు వంగడం, నడుము తిప్పడం, బరువులెత్తడం చేయకూడదు. రొమ్ము, ప్రొస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్లు, మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక రక్త క్యాన్సర్) ఉన్నవారు ఈ ప్రశ్నను తప్పక అడగాలి. తర్వాత గుండె: డాక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ వంటి మందులు గుండెపై ప్రభావం చూపగలవు కాబట్టి ఎకో పరీక్షలో (గుండె స్కానింగ్‌లో) ఏముందో తెలుసుకోవాలి. మందు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద అమర్చే పోర్టు గానీ, చేతి నరంలోంచి వేసే పిక్ లైన్ అనే గొట్టం గానీ ఉంటే ఆ చేతిని ఎంతవరకు లేపవచ్చో అడగాలి. రొమ్ము శస్త్రచికిత్సలో చంక గ్రంథులు తీసినవారు ఆ చేతితో ఏ పనీ చేయకూడదన్న పాత సలహా ఇంకా వినబడుతుంటుంది. చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటే చేతి వాపు పెరగదని 2009లో వెలువడిన అధ్యయనం తేల్చింది, కాబట్టి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఆ చేతికీ వ్యాయామం ఇవ్వవచ్చు.

ఇక మాత్రల డబ్బా మొత్తం పట్టుకెళ్లి చూపించండి. పెద్దవారి మతిమరుపుకు చాలాసార్లు కారణం ఆ డబ్బాలోనే దొరుకుతుంది. దురదకూ, అలర్జీకీ వాడే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు, వాంతుల కోసం ఇచ్చే ఓలాంజపైన్ వంటివి మత్తునూ తికమకనూ పెంచుతాయి. బీపీ మాత్రల మోతాదు పాతదే ఉండి, తిండి తగ్గి, బరువు తగ్గితే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. చక్కెర వ్యాధికి గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ సరిగా తినకపోతే షుగరు పడిపోతుంది. సోడియం, థైరాయిడ్, బి12 పరీక్షలు ఈ మధ్య చేయించారా అనీ అడగండి. ముఖ్యంగా శాకాహారులకూ, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారికీ బి12 లోపం మామూలే. సరిచేయదగిన కారణాన్ని వదిలేసి వ్యాయామం మీద భారమంతా వేయడం వృథా.

రెండో మెట్టు: ఇప్పుడు ఎక్కడ ఉన్నారో కొలవడం

కొలత లేకపోతే మూడు వారాల తర్వాత "ఏమీ తేడా లేదు" అని మానేస్తారు. దీనికి ఒక నోటు పుస్తకం, సెకన్లు చూపే గడియారం, ప్లాస్టిక్‌ది కాకుండా గట్టి చెక్క కుర్చీ ఒకటి కావాలి.

కుర్చీని జారకుండా గోడకు ఆనించి పెట్టండి. పెద్దవారిని మధ్యలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా చూసి, చేతులు రెండూ ఛాతీపై అడ్డంగా పెట్టుకోమనండి. మీరు పక్కనే, చేయి చాస్తే అందేంత దగ్గరలో నిలబడండి. "మొదలు" అన్నాక 30 సెకన్లలో పూర్తిగా లేచి నిలబడి కూర్చోవడం ఎన్నిసార్లు చేయగలిగారో లెక్కించండి. 65 నుంచి 69 ఏళ్లవారిలో పురుషులకు 12, స్త్రీలకు 11 కంటే తక్కువ వస్తే కాళ్లలో బలం తగ్గినట్టు, పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. 80 నుంచి 84 ఏళ్లవారికి ఆ హద్దు పురుషులకు 10, స్త్రీలకు 9. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే పుస్తకంలో సున్నా అని రాయండి. అదీ ఉపయోగపడే సమాచారమే, అలాంటివారు ఒంటరిగా నడక మొదలుపెట్టకూడదని అది చెబుతోంది. మరో పరీక్ష: కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు మామూలు నడకతో వెళ్లి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే మొదట ఫిజియో దగ్గర చూపించుకోవాలి.

నడక కోసం మూడు రోజులపాటు ఏమీ మార్చకుండా, ఫోన్‌లో అడుగులు లెక్కించే యాప్ పెట్టి జేబులో ఉంచుకోమనండి. చీరకు జేబు ఉండదు కాబట్టి చిన్న గుడ్డ సంచిలో పెట్టి నడుముకు కట్టవచ్చు. ఆ మూడు రోజుల సగటే మీ మొదటి అంకె. 900 వచ్చినా సిగ్గుపడవలసింది లేదు.

జ్ఞాపకశక్తిని ఆస్పత్రిలో కొలిచే పరీక్షలు వేరే ఉన్నాయి, వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఇంట్లో మాత్రం కాగితంపై గడియారం బొమ్మ గీయించి పరీక్ష పెట్టడం నాకు నచ్చదు; బడికి వెళ్లని పెద్దవారికి అది చేతకాదు, చదువుకున్నవారికి అవమానంగా ఉంటుంది. దానికి బదులు వాళ్లు రోజూ చేసే పనుల్లో నాలుగింటిని ఎంచుకుని పుస్తకంలో రాసుకోండి: మాత్రలు తామే వేసుకోవడం, పాల లెక్క చూసుకోవడం, ఫోన్‌లో డబ్బు పంపడం, వంటలో ఉప్పు వేశామో లేదో గుర్తుండటం, పేపర్లో ఒక వార్త మొత్తం చదివి చెప్పడం, ముగ్గులో చుక్కల లెక్క తప్పకపోవడం, ఏవైనా సరే. వారానికోసారి ఒక్కో పనికీ ఎదురుగా "తామే చేశారు", "గుర్తుచేస్తే చేశారు", "చేయలేకపోయారు" అని రాయండి. ఈ కాగితం డాక్టరుకు "మతిమరుపు ఎక్కువైందండీ" అన్న మాటకంటే ఎంతో ఎక్కువ చెబుతుంది. వినికిడి తగ్గినా, కళ్లలో శుక్లాలున్నా అది మతిమరుపులాగే కనబడుతుందని మాత్రం మరవకండి.

మూడో మెట్టు: కీమో సైకిల్‌ను బట్టి రోజులను విడదీసుకోవడం

మామూలు వ్యాయామ సలహాలు కీమో రోగి దగ్గర విఫలమయ్యేది ఇక్కడే. "రోజూ అరగంట" అన్న నియమం పెట్టుకున్న మనిషి నాలుగో రోజున లేవలేక, ఇక నావల్ల కాదని పూర్తిగా వదిలేస్తారు. కీమోకు దానిదైన లయ ఉంటుంది. వ్యాయామం ఆ లయను అనుసరించాలి.

21 రోజుల సైకిల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మందు ఎక్కించిన రోజు, మర్నాడు, కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రభావం వల్ల ఒంట్లో ఒక రకమైన చురుకుదనం ఉంటుంది, రాత్రి నిద్ర పట్టదు. "ఈసారి నాకేం కాలేదు" అని కొందరు ఈ రోజుల్లో మేడ మెట్లు ఎక్కి దిగుతారు. అది అరువు తెచ్చుకున్న శక్తి. ఆ రెండు రోజులూ మామూలు నడకతో సరిపెట్టుకోవాలి. స్టెరాయిడ్ ఆగాక, ఎక్కువమందికి మూడో రోజు నుంచి అయిదారు రోజుల వరకు నీరసం, వాంతి వచ్చినట్టుండటం, ఒళ్లునొప్పులు ముదురుతాయి. ఈ రోజుల్లో లక్ష్యం ఒక్కటే: మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి మంచం దిగి, రెండు నిమిషాలు ఇంట్లో అటూ ఇటూ తిరగడం. అది కూడా వ్యాయామమే, పుస్తకంలో రాయవలసినదే.

సుమారు 7వ రోజు నుంచి 14వ రోజు దాకా చాలా మందులకు రక్తకణాల సంఖ్య బాగా తగ్గే సమయం. విచిత్రమేమిటంటే, నీరసం అప్పటికి కొంత తగ్గి మనిషి బాగానే ఉన్నట్టు కనబడతారు, కాబట్టి బంధువుల ఇంటికో, గుడికో, పార్కుకో వెళ్దామనిపిస్తుంది. నడక సాగించండి, కానీ ఇంట్లోనో, మేడ మీదనో, జనం లేని వీధిలోనో. ఈ రోజుల్లో సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు వస్తే మూడు అంకెలు చూడండి. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తక్కువ ఉంటే బ్యాండ్లు, బరువులు ఆపి తేలికపాటి నడకకు పరిమితం కావాలి. 20,000 కంటే తక్కువైతే డాక్టరు చెప్పేదాకా ఏ వ్యాయామమూ వద్దు. హిమోగ్లోబిన్ 8 కంటే తగ్గితే ఆయాసం రాని కదలికలు మాత్రమే చేయాలి. తెల్లకణాలు పడిపోయి ఉంటే జనసమ్మర్దానికీ, ఈత కొలనుకూ దూరంగా ఉండాలి.

చివరి వారమే అసలైన పనికి అనువైన వారం. అడుగులు పెంచడం, బ్యాండు బిగువు పెంచడం వంటివి ఈ వారానికే అట్టిపెట్టుకోండి. 14 రోజుల సైకిల్ అయితే ఈ మంచి రోజులు తక్కువే, కానీ వరుస అదే. వారం వారం కీమో తీసుకునేవారు మాత్రం వేరే పద్ధతి చూసుకోవాలి: రెండు మూడు వారాలు పుస్తకంలో రోజుకు ఎంత నీరసంగా ఉందో 10కి అంకె వేసుకుంటే, తమ మంచి రోజులేవో తామే కనిపెట్టగలుగుతారు.

రేడియేషన్ నడుస్తున్నప్పుడు, మన ఊళ్లలో కరెంటు పెట్టించుకోవడం అంటారే అది, లయ ఇలా ఉండదు. అలసట వారం వారం పేరుకుంటూ పోయి చివరి వారాల్లో ఎక్కువవుతుంది. రోజూ ఆస్పత్రికి ప్రయాణమే సగం ఓపిక తినేస్తుంది కాబట్టి, బయలుదేరే ముందే, ఉదయాన్నే నడక ముగించుకోవడం మేలు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకునేవారిలో కండ, ఎముక రెండూ పలచబడతాయి. వారికి నడకకంటే కండబలం వ్యాయామమే ముఖ్యం.

నాలుగో మెట్టు: నడక

మొదటి అంకె మీద వారానికి 5 నుంచి 20 శాతం వరకు అడుగులు పెంచుకుంటూ పోవడం రోచెస్టర్ పద్ధతి. పెద్దవారికి 10 శాతం దగ్గర ఉండటం మంచిదని నా అభిప్రాయం. అంటే రోజుకు 1,500 అడుగులు వేసేవారు మరుసటి మంచి వారంలో 1,650 వేయాలి. చెడ్డ రోజుల్లో తగ్గినదానికి మంచి రోజున రెట్టింపు నడిచి లెక్క సరిచేయాలని చూడవద్దు.

ఎంత వేగంగా నడవాలన్నదానికి నాడి లెక్కించనక్కరలేదు. బీపీకీ, గుండెకూ ఇచ్చే మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో నాడి వేగం నిజం చెప్పదు కూడా. పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. శ్రమను 10కి లెక్కిస్తే 3 నుంచి 5 మధ్య అనిపించాలి. ఒకేసారి అరగంట నడవలేకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా సరిపోతుంది.

ఇక పాదాల సంగతి. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్ వంటి మందులు అరికాళ్లలో తిమ్మిరి తెస్తాయి. అడుగు ఎక్కడ పడిందో కాలికి తెలియదు. అలాంటప్పుడు హవాయి చెప్పులు ప్రమాదకరం, కాలి నుంచి జారిపోయినా తెలియదు. మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులో, మెత్తటి బూట్లో వేసుకుని, వెలుతురున్న చోట మాత్రమే నడవాలి. గడపలు, తడి బాత్‌రూమ్ గచ్చు, నేల మీద పరిచిన పట్టాలు, వీటి మీద దృష్టి ఉంచాలి. కేపిసిటాబిన్ మాత్రలు వాడేవారికి అరికాళ్లు ఎర్రబడి, తోలు ఊడి మండుతుంటే నడక మానేసి కుర్చీ వ్యాయామాలకు మారాలి, డాక్టరుకు చెప్పాలి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్న కొద్ది రోజులు చల్లగాలి తగిలితే గొంతు, వేళ్లు పట్టేసినట్టవుతాయి కాబట్టి డిసెంబరు, జనవరి తెల్లవారుజామున బయట తిరగవద్దు. మే నెలలో దీనికి పూర్తిగా తారుమారు: ఎండ ముదరకముందే, ఉదయం ఆరింటికల్లా నడక ముగియాలి, లేదంటే ఇంట్లోనే గది నుంచి గదికి నడవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు షుగరు పడిపోతే నోట్లో వేసుకోవడానికి జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకోవాలి.

అయిదో మెట్టు: కండబలం

వారానికి రెండు, మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ ఇచ్చి చేయాలి. రబ్బరు బ్యాండ్లలో రంగును బట్టి బిగువు మారుతుంది. అన్నిటికంటే వదులుగా సాగేదాన్నే మొదట కొనండి. బ్యాండు దొరక్కపోతే అర లీటరు నీళ్ల సీసాలు రెండు చాలు.

ముఖ్యమైనది కుర్చీలోంచి లేచి కూర్చోవడమే. బాత్‌రూముకు ఒంటరిగా వెళ్లగలగడం దాని మీదే ఆధారపడి ఉంది. మొదట చేతులు కుర్చీ చేతుల మీద ఆనించి 5 సార్లు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. కూర్చునేటప్పుడు దబ్బున పడిపోకుండా మూడంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి, ఎందుకంటే తొడ కండరానికి ఎక్కువ పని పడేది ఆ దిగడంలోనే. స్టెరాయిడ్లు మొదట బలహీనపరిచేదీ ఆ తొడ, తుంటి కండరాలనే. తేలికైనప్పుడు 8కి, తర్వాత 12కి పెంచి, ఆ తర్వాత చేతుల సాయం మానుకోవాలి. దీనికి తోడుగా వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు ఒరిగి వెనక్కి నెట్టుకోవడం, కూర్చుని బ్యాండును పాదం కింద వేసి మోచేతులు ముడుస్తూ పైకి లాగడం, బ్యాండును ఛాతీ ఎదుట రెండు చేతులతో పక్కలకు సాగదీయడం చాలు. ప్రతిదీ 8 నుంచి 12 సార్లు. కడుపు శస్త్రచికిత్స అయినవారు డాక్టరు చెప్పేదాకా కడుపు బిగించే వ్యాయామాలూ, కపాలభాతీ చేయకూడదు.

సమతూకం కోసం గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం, మడమకు బొటనవేలు ఆనించి సరళరేఖలో నడవడం చేయవచ్చు, పక్కన మనిషి ఉండగా.

తిండి లేకుండా కండ పెరగదు. క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు 1 గ్రాము పైన, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రొటీను ఉండాలని యూరప్ పోషకాహార నిపుణుల సిఫార్సు. 55 కిలోల మనిషికి సుమారు 55 నుంచి 80 గ్రాములన్నమాట. రాగి జావ, చారన్నంతో అది రాదు. కోడిగుడ్డుకు సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలకు కూడా దాదాపు అంతే. పప్పు, చేప, పనీర్, ఏది సయిస్తే అది, మూడు పూటలా పంచి పెట్టండి. మూత్రపిండాల సమస్య ఉంటే లెక్క మారుతుంది, అడిగి తెలుసుకోండి.

ఆరో మెట్టు: నడకకు మెదడు పనిని జతచేయడం

నడక నిలకడగా ఉన్నవారికే ఇది. తూలేవారు ఇదంతా కుర్చీలో కూర్చుని కాళ్లు ఆడిస్తూ చేయాలి.

నడుస్తూ మాట్లాడించడం, లెక్కలు చెప్పించడం ధ్యాసకు మంచి కసరత్తు. అయితే నోటికి వచ్చినవి చెప్పిస్తే మెదడుకు పని ఉండదు. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా తెలుగు నెలలు ఎవరైనా గడగడా చెప్పేస్తారు. ఫాల్గుణం నుంచి వెనక్కి చెప్పమనండి, అడుగులు ఎలా నెమ్మదిస్తాయో చూడండి. రైలు ప్రయాణాలు చేసినవారిని విజయవాడ నుంచి రాజమండ్రి దాకా పెద్ద స్టేషన్లు చెప్పమని, ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, కొవ్వూరు అయ్యాక వెనక్కి తిప్పించవచ్చు. వంటలో చేయి తిరిగినవారిని గోంగూర పచ్చడి పదిమందికి చేయాలంటే ఏది ఎంత వేయాలో అడగవచ్చు. నడుస్తూ జవాబు వెతుక్కుంటూ ఆగిపోతుంటే పని కష్టమైనట్టు, తేలిక చేయండి. తప్పు చెబితే నవ్వకండి, అందరి ముందు సరిదిద్దకండి. పరీక్ష పెడుతున్నారని అనిపించిన రోజునుంచి వాళ్లు మీతో నడకకు రావడం మానేస్తారు.

మాత్రల లెక్క, డాక్టరు తారీఖులు గుర్తుపెట్టుకోవడం మాత్రం కసరత్తుగా వాడవద్దు. వాటికి రోజులవారీ గళ్లున్న మాత్రల డబ్బా, గోడ మీద క్యాలెండరు పెట్టండి.

రాత్రి నిద్ర సరిగా లేకపోతే ఈ శ్రమంతా సగం ఫలితమే ఇస్తుంది. పగటి నిద్రను అరగంటకు మించనివ్వకండి. చికిత్స ముగించుకుని నిద్రలేమితో బాధపడుతున్న 410 మందితో రోచెస్టర్ బృందమే నడిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తేలికపాటి ఆసనాలు, శ్వాస అభ్యాసం, ధ్యానం కలిసిన యోగా నిద్రను మెరుగుపరిచింది. మన పెద్దవారికి యోగా అంటే మొహమాటం ఉండదు, అదొక సౌలభ్యం. తలకిందులుగా వేసే ఆసనాలు, నడుము మెలితిప్పేవి ఎముకలు బలహీనమైనవారికి పనికిరావు.

వెంటనే ఆపవలసిన సందర్భాలు

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే వ్యాయామం సంగతి అటుంచి, పారాసిటమాల్ వేసి చూద్దామని ఆగకుండా, అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఛాతీలో నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, ఒక కాలు పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఎముకలో కొత్తగా మొదలై రాత్రిపూట ఎక్కువయ్యే నొప్పి, నడుము నొప్పితో పాటు కాళ్లు బలహీనపడటం, ఇవన్నీ అదే రోజు డాక్టరుకు చేరవలసిన విషయాలు.

వీటితోపాటు మరొకటి, చాలామంది ఇంట్లో గుర్తించనిది. కీమో వల్ల వచ్చే మతిమరుపు వారాల మీద మెల్లగా వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈ రోజు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఉన్న ఊరు తెలియకపోతే, పగలంతా మత్తుగా పడి ఉండి రాత్రి లేచి తిరుగుతుంటే అది వయసు కాదు, కీమో మతిమరుపు కాదు. ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, కాల్షియం పెరగడం, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రం రాక నిలిచిపోవడం, మలబద్ధకం, మందుల మత్తు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు, చాలావరకు వైద్యంతో తగ్గుతుంది. ఆలస్యం చేయకూడదు.

చికిత్స ముగిశాక

చివరి కీమో అయిన రోజున పుస్తకం మూసేయవద్దు. మూడు వారాలకోసారి కుర్చీ పరీక్ష మళ్లీ చేసి పాత అంకె పక్కనే రాయండి. చికిత్స సాగినన్నాళ్లూ అంకె పడిపోకుండా నిలిచిందంటే అదే విజయం, పెరగాలని లేదు. పెరగవలసింది ఇకపైనే: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవారికి సూచించిన మేరకు వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండబలం, మూడు రోజులు సమతూకం వ్యాయామాల వైపు నెలల మీద చేరుకోవాలి. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమో ముగించుకున్న 889 మందిపై జరిగి 2025లో వెలువడిన ఛాలెంజ్ అధ్యయనంలో, మూడేళ్లపాటు శిక్షకుల తోడ్పాటుతో వ్యాయామం చేసినవారిలో అయిదేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 80.3 శాతం, ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే అందుకున్నవారిలో 73.9 శాతం. అది ఒక రకం క్యాన్సర్‌కు సంబంధించిన లెక్క, అన్నిటికీ వర్తింపజేయకూడదు, కానీ వ్యాయామం కొనసాగించమని డాక్టర్లు ఇప్పుడు గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం.

మతిమరుపు చాలామందిలో చికిత్స ముగిశాక నెలల మీద తగ్గుతుంది. ఆరు నెలలైనా తగ్గకపోయినా, డబ్బు లెక్కల్లో, దారి గుర్తుపట్టడంలో, వంటలో పొయ్యి ఆపడంలో తప్పులు పెరుగుతున్నా నాడీ వైద్యుడికి చూపించండి. వెళ్లేటప్పుడు చికిత్స కాగితాలతో పాటు మీరు రాసిన పుస్తకాన్నీ, మాత్రల డబ్బానూ తీసుకెళ్లండి. రోజూ పక్కన ఉండి చూసుకున్న మనిషే వెంట వెళ్లాలి, పండగకు వచ్చిన కొడుకో కూతురో కాకుండా.